నీళ్ళు తగ్గితే కనబడే ఊళ్ళు

2022 జూలైలో గోదావరి పొంగి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరిన రోజుల్లో మేము కొండ మీద టార్పాలిన్ల కింద ఉన్నాం. గోదావరి తన్నేసరికి శబరి వెనక్కి మళ్ళి మా ఊళ్ళోకి వచ్చింది. బడి కిటికీల దాకా బురద. హాజరు పట్టీలు, భోజనం గిన్నెలు, విత్తనానికి దాచుకున్న కందులు, అన్నీ పోయాయి. నీళ్ళు దిగాక ఇళ్ళలోని బురద తోడుకోవడానికే ఆగస్టు నెలంతా పట్టింది.

సెప్టెంబరులో మా ఊరి కుర్రాడు ఫోన్‌కి ఒక ఫోటో పంపాడు. వాడు మా గూడెంలో మొదటి ఇంజనీరు. జర్మనీలో కాసెల్ అనే పట్నంలో పై చదువు చదువుతున్నాడు. ఫోటోలో నెర్రెలు విచ్చిన బురద నేల, దాని మధ్యలో కమానులున్న రాతి వంతెన. వంతెన కింద సన్నగా ఏరు. అటు ఊరు లేదు, ఇటు ఊరు లేదు. "అన్నా, ఇది చెరువు అడుగున ఉండే వంతెన. ఈ ఏడు వానల్లేక బయటపడింది. ఇక్కడ మూడు ఊళ్ళు మునిగినయంట. చూడ్డానికి జనం కార్లేసుకుని వస్తున్నారు" అని రాశాడు.

మాకు నీళ్ళు ఎక్కువైన ఏడాదే వాళ్ళకు నీళ్ళు తక్కువయ్యాయి. ఆ ఫోటో చూసి చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

మేము అంటే ఎవరమో చెప్పాలి. ఆశ్రమ పాఠశాలలో చదువు చెప్పే ముగ్గురం, డిగ్రీ చదివి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న నలుగురం, ఒక అంగన్‌వాడీ అక్క. అందరం కోయవాళ్ళం, ఒకరిద్దరు కొండరెడ్లు. మా ఊరు ముంపు జాబితాలో ఉంది. ఊరు ఖాళీ చేసేలోగా దాని చరిత్ర రాసుకుందామని ఆదివారాలు బడి వరండాలో కూర్చుంటున్నాం. పని మొదలైంది గానీ ఎలా రాయాలో తెలియలేదు. మాకు తెలిసిన చరిత్ర పుస్తకాలన్నీ రాజులవి. ఒక ఊరి చరిత్ర రాసిన పుస్తకం మా చేతికి ఎప్పుడూ రాలేదు. ఆ ఫోటో వచ్చాక, ఆ లోయ సంగతి పూర్తిగా తెలుసుకుంటే మన పనికి దారి దొరుకుతుందేమో అనుకున్నాం. మా వాడు సెలవు దొరికినప్పుడల్లా ఆ లోయకు వెళ్ళి చూసి, చదివి, రాత్రిళ్ళు ఫోన్‌లో చెప్పాడు. మేము నోటుబుక్కుల్లో రాసుకున్నాం. అందులోంచి కొంత ఇక్కడ పెడుతున్నాం.

ఆ నది పేరు ఏడర్. పిల్లలు మొదట 'ఎడారి' అని విన్నారు. నదికి ఎడారి పేరేంటని నవ్వారు. తర్వాత ఒక చిన్నది "సార్, దాంట్లో మన ఏరు ఉంది కదా" అంది. కోయలో నీళ్ళను ఏరు అంటాం. వినడానికి కలిసిన మాటే తప్ప చుట్టరికం ఏమీ లేదని చెప్పాం గానీ, ఆ రోజు నుంచి పిల్లలకు ఆ నది దగ్గరిదైంది.

ఏడర్ పడమట రోథార్ కొండల్లో పుట్టి తూర్పుకు పారుతుంది. పొడవు సుమారు 176 కిలోమీటర్లు. కాసెల్‌కి దక్షిణాన ఫుల్డా అనే నదిలో కలుస్తుంది. ఫుల్డా ఇంకో నదిని కలుపుకొని వేజర్ అవుతుంది. వేజర్ వెళ్ళి ఉత్తర సముద్రంలో పడుతుంది. సీలేరు శబరిలో, శబరి గోదావరిలో, గోదావరి సముద్రంలో పడ్డట్టే. మన నదుల ముందు ఏడర్ చిన్నది. కానీ దాని ఇసుకలో బంగారు రజను ఉంది. 17, 18 శతాబ్దాల్లో అక్కడి దొరలు ఆ బంగారంతో నాణేలు కూడా కొట్టించారు.

ఆ నది ఒడ్డున ఏడర్‌టాల్ అనే పాలక ప్రాంతం ఉంది. టాల్ అంటే లోయ. ఇంగ్లీషులో దాన్ని మున్సిపాలిటీ అంటారు గానీ, మనకు మున్సిపాలిటీ అంటే పట్నం గుర్తొస్తుంది. ఇది పట్నం కాదు. పదమూడు పల్లెలు కలిపి ఒక కట్టగా కట్టింది. మన పంచాయతీకి పెద్దది, మండలానికి చిన్నది. అన్ని పల్లెలూ కలిపి జనం ఆరువేల పైచిలుకు. 1970ల మొదట్లో ప్రభుత్వం చిన్న చిన్న ఊళ్ళను ఇలా కలిపేసింది. ఏ ఒక్క ఊరి పేరూ పెట్టకుండా నది పేరు పెట్టుకోవడం తెలివైన పని అని మాకనిపించింది. 1985లో మనకు మండలాలు వచ్చినప్పుడు ఏ ఊరి పేరు పెట్టాలని పెద్దలు ఎంత తగువులాడుకున్నారో మా ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పల్లెల పేర్లు పలకడం కష్టమే గానీ, విడదీస్తే మన పేర్లలాగే ఉంటాయి. హెమ్‌ఫుర్ట్‌లో ఉన్న ఫుర్ట్ అంటే నదిని నడిచి దాటే రేవు. బ్రింగ్‌హౌజెన్‌లో హౌజెన్ అంటే ఇళ్ళు, మన గూడెం అనుకోండి. బెర్గ్‌హైమ్‌లో బెర్గ్ అంటే కొండ, హైమ్ అంటే ఇల్లు. ఊరి పేరు వింటే అక్కడి నేల ఎలా ఉందో తెలిసిపోతుంది. ఇంకా అఫోల్డెర్న్, మేలెన్, గిఫ్లిట్జ్, అన్‌రాఫ్, వెల్లెన్, క్లైనెర్న్, బూలెన్ ఉన్నాయి. పంచాయతీ ఆఫీసు లాంటిది గిఫ్లిట్జ్‌లో ఉంటుంది. బూలెన్ దగ్గర తవ్వకాల్లో నియాండర్తాల్ మనుషుల రాతి పనిముట్లు దొరికాయి. అంటే మనలాంటి మనుషులు రాకముందే ఆ లోయలో ఎవరో కాపురం ఉన్నారు.

లోయ ఆకారం చెప్పాలి, ఎందుకంటే తర్వాతి కథంతా దాని మీదే ఆధారపడింది. పై భాగంలో రెండు పక్కలా నిటారు కొండలు. పలకరాయి, గట్టి ఇసుకరాయి. వాటి మధ్య నది పాములా మెలికలు తిరుగుతుంది. కొండల మీద బీచ్ అనే చెట్ల అడవి. మనకు టేకు ఎలాగో వాళ్ళకు బీచ్ అలాగ. హెమ్‌ఫుర్ట్ ఎగువన కొండలు బాగా దగ్గరికొస్తాయి. అది దాటగానే లోయ విచ్చుకుని, బల్లపరుపు పొలాలు మొదలవుతాయి. నది కొండల్లోంచి మైదానంలోకి దిగే చోటు అది. ఆనకట్ట కట్టేవాళ్ళ కన్ను అలాంటి చోటే పడుతుంది. పాపికొండలు దాటి గోదావరి ఎక్కడ బయటపడుతుందో మనకు తెలుసు, అక్కడ ఏం కట్టారో కూడా తెలుసు.

పాత ఇళ్ళ గురించి మా వాడు చెప్పినప్పుడు మా పెద్దాయన ఒకరు ఫోన్ లాక్కుని మళ్ళీ అడిగారు. నిలువు దుంగలు, అడ్డ దుంగలు, ఏటవాలు దుంగలు బిగించి చట్రం కడతారు. చట్రం సందుల్లో కర్రలతో తడికె అల్లి, దాని మీద గడ్డి కలిపిన మట్టి మెత్తుతారు. "అయితే మన గోడే కదయ్యా. మరి దాన్ని కచ్చా ఇల్లని రాస్తరా వాళ్ళు?" అని అడిగారు. రాయరు. వాటిని కాపాడుకుంటారు, చూడ్డానికి జనం వస్తారు. సర్వేకి వచ్చినప్పుడు మన తడికె గోడలకు ఎంత వెల కట్టారో గుర్తొచ్చి ఆయన ఇంకేమీ అనలేదు.

ఆ లోయ మనుషుల గురించి మొట్టమొదట రాసింది వాళ్ళు కాదు, వాళ్ళ ఊరు తగలబెట్టినవాళ్ళు.

క్రీ.శ. 15లో అక్కడ ఖట్టి అనే తెగ ఉండేది. రోమన్ సేనాని జర్మానికస్ వాళ్ళ మీదికి హఠాత్తుగా దండెత్తాడు. ఆ సంగతి తర్వాత టాసిటస్ అనే రోమన్ చరిత్రకారుడు రాశాడు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు పట్టుబడ్డారు, లేదా చచ్చిపోయారు. వయసు కుర్రాళ్ళు అడ్రానా నదిని ఈది అవతలి ఒడ్డుకు చేరి, రోమన్లు వంతెన కట్టకుండా అడ్డుకోబోయారు. బాణాలకు, రాళ్ళు విసిరే యంత్రాలకు ఆగలేకపోయారు. కొందరు సంధికి వచ్చారు, మిగిలినవాళ్ళు ఊళ్ళు వదిలి అడవుల్లోకి చెదిరిపోయారు. రోమన్లు వాళ్ళ ముఖ్య గ్రామం మట్టియంను తగలబెట్టి, పొలాలు పాడుచేసి వెనక్కి వెళ్ళారు. అడ్రానా అంటే ఏడరే. మట్టియం ఎక్కడుందో ఇవాళ్టికీ తేలలేదు.

మా డిగ్రీ తమ్ముడొకడు ఇది విని, "రంప పితూరీ కాగితాలు కూడా ఇట్లనే ఉంటయి" అన్నాడు. నిజమే. 1879లో కొండవాళ్ళు తిరగబడితే, దాని వివరాలు మనకు ఎక్కువగా దొరికేది దాన్ని అణిచినవాళ్ళ రిపోర్టుల్లోనే. ఎవరు ఎక్కడ దాక్కున్నారో, ఎవరిని పట్టుకున్నారో అందులో ఉంటుంది. ఆ పూట ఇంట్లో ఏం వండుకున్నారో ఉండదు. ఖట్టి తెగవాళ్ళు తమ నదిని ఏమని పిలుచుకున్నారో కూడా రోమన్ల నోట విన్నదే మనకు మిగిలింది. అయినా ఆ పేరు రెండు వేల ఏళ్ళు నిలబడింది. ఊరు బూడిదైంది, నది పేరు కొంచెం అరిగి ఏడర్‌గా మిగిలింది.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని మాలో మేము వాదించుకున్నాం. ఏడర్ దిగువన ఫ్రిట్జ్‌లార్ అనే పాత పట్నం ఉంది. దాని పక్కన గైస్మార్ అనే చోట ఒక పెద్ద సింధూర వృక్షం ఉండేది. అక్కడి జనం ఉరుముల దేవుడిదని కొలిచేవాళ్ళు. 723 ప్రాంతంలో ఇంగ్లండు నుంచి వచ్చిన బోనిఫేస్ అనే క్రైస్తవ గురువు ఆ చెట్టును నరికించి, ఆ కలపతోనే ప్రార్థన మందిరం కట్టించాడు. మాలో చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు, రామాలయానికి వెళ్ళేవాళ్ళున్నారు, ఇలవేల్పుకే మొక్కేవాళ్ళున్నారు. ఎవరినీ నొప్పించడానికి ఇది రాయడం లేదు. పిల్లలు మాత్రం ఒక్కటే అడిగారు: "చెట్టు కొట్టినప్పుడు ఊరోళ్ళు ఏం చేశారు సార్?" ఆ గురువు జీవిత కథ రాసినవాళ్ళు, జనం మొదట తిట్టి తర్వాత నమ్మారని రాశారు. ఊరివాళ్ళు రాసిన కాగితం లేదు.

మధ్యలో ఒక వెయ్యేళ్ళు వదిలేస్తున్నాం. మఠాలు, కోటలు, దొరల తగాదాలు. ఒక్క మాట చాలు. ఆ ప్రాంతం వాల్డెక్ అనే చిన్న సంస్థానంలో ఉండేది. ఆ పేరుకు అర్థం అడవి మూల. 1918 దాకా రాజులు ఏలారు, 1929లో ప్రష్యాలో కలిసింది. వాళ్ళ కోట ఇప్పటికీ కొండ మీద ఉంది. ఒకప్పుడు లోయను చూసేది, ఇప్పుడు సరస్సును చూస్తోంది.

ఆ సరస్సు ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోవడానికి మాకు రెండు ఆదివారాలు పట్టింది. 1905లో ప్రష్యా ప్రభుత్వం కాలువల చట్టం చేసింది. దేశం అడ్డంగా సరుకు ఓడలు నడిచే కాలువ తవ్వాలి. కాలువకు నీళ్ళు వేజర్ నుంచి తోడాలి. తోడితే వేజర్‌లో ఓడలకు లోతు చాలదు. కాబట్టి ఎగువన ఎక్కడో నీళ్ళు నిలబెట్టి, ఎండాకాలంలో వదలాలి. ఆ 'ఎక్కడో' ఏడర్ లోయ అయింది. అంటే ఆ పల్లెలు మునిగింది తమ పొలాలకు నీళ్ళ కోసం కాదు, తమ దీపాలకు కరెంటు కోసమూ కాదు. ఎక్కడో దూరాన నడిచే ఓడల కోసం. కరెంటు, వరద ఆపడం కూడా ఉన్నాయి గానీ, మొదటి లెక్క ఓడలదే.

1908లో పని మొదలై 1914లో అయిపోయింది. సుమారు 48 మీటర్ల ఎత్తు, 400 మీటర్ల పొడవున్న రాతి గోడ. నిలిచే నీళ్ళు ఇరవై కోట్ల ఘనపు మీటర్లకు కొంచెం అటూ ఇటూ. మన లెక్కకు మారిస్తే ఏడు టీఎంసీలు. అప్పటికి యూరప్‌లో పెద్ద ఆనకట్టల్లో అదొకటి. 1914 ఆగస్టులో చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ వచ్చి ప్రారంభించాలి. సరిగ్గా ఆ నెలలోనే యుద్ధం మొదలైంది, ఆయన రాలేదు. ఊళ్ళు మాత్రం అప్పటికే ఖాళీ.

బేరిష్, ఆజెల్, బ్రింగ్‌హౌజెన్. పూర్తిగా మునిగినవి ఈ మూడు. ఇంకొన్ని ఊళ్ళలో కొన్ని ఇళ్ళు, విడిగా ఉన్న కమతాలు పోయాయి. మొత్తం తొమ్మిది వందల మంది దాకా లేచిపోవాల్సి వచ్చింది. భూమికీ ఇంటికీ వెల కట్టి ఇచ్చారు. ఆజెల్, బ్రింగ్‌హౌజెన్ వాళ్ళలో చాలామంది అదే కొండ పైకి జరిగి, అదే పేరుతో ఊరు కట్టుకున్నారు. ఆ పైకి జరిగిన బ్రింగ్‌హౌజెన్ ఇప్పుడు ఏడర్‌టాల్ పదమూడు పల్లెల్లో ఒకటి. బేరిష్ వాళ్ళలో కొందరు ఉత్తరాన ఆరోల్‌జెన్ వైపు ప్రభుత్వ భూమిలో కలిసి దిగి, 1912లో నోయ్ బేరిష్ కట్టుకున్నారు. నోయ్ అంటే కొత్త. పాత ఊళ్ళో ఒకప్పటి మఠానికి చెందిన చర్చి ఉండేది. దాన్ని విప్పి తీసుకెళ్ళి కొత్త ఊళ్ళో నిలబెట్టుకున్నారు.

ఇక్కడ మా అంగన్‌వాడీ అక్క ఆపింది. "మరి సమాధులో?" అంది.

సమాధుల మీద కాంక్రీటు పలకలు పరిచారు, నీళ్ళు మట్టిని కోసుకుపోకుండా. ఎండాకాలం చివర సరస్సు తగ్గితే ఆ పలకలు కనబడతాయి. ఇళ్ళ పునాదులు కనబడతాయి. ఆజెల్ దగ్గరి వంతెన పూర్తిగా బయటికొస్తుంది. అది 1890 ప్రాంతంలో కట్టిన వంతెన. జనం దాని మీద నడిచింది పాతికేళ్ళు కూడా లేదు. అసలు ఆనకట్టకు ముందు ప్రయోగం కోసం కట్టి చూసిన చిన్న నమూనా గోడ కూడా నీళ్ళలోనే ఉంది, అదీ తేలుతుంది. వీటన్నిటికీ కలిపి అట్లాంటిస్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. దారిపొడవునా బోర్డులు. ఇక్కడ ఏ ఊరు, ఎక్కడ చర్చి, ఎక్కడ శ్మశానం.

మా అవ్వలు తాతలు పడుకున్న చోట మేము రాళ్ళు పాతుకున్నాం. ఒక్కో రాయి ఎవరిదో చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే మిగిలారు. నష్టపరిహారం ఫారంలో చెట్లకు గడి ఉంది, బావికి గడి ఉంది, కోళ్ళ గూటికి గడి ఉంది. ఆ రాళ్ళకు గడి లేదు.

వంతెన మీద మా వాడు నిలబడి ఉంటే కుక్కను తిప్పుతున్న ఒక ముసలాయన పలకరించాడట. ఎక్కడి నుంచి వచ్చావంటే చెప్పాడట. మాదీ ముంపు ప్రాంతమే అన్నాడట. "ఎన్ని ఊళ్ళు?" అని ఆయన అడిగితే మూడు వందలకు పైగా అన్నాడట. ఆయన నవ్వి, నీ జర్మన్ ఇంకా కుదరలేదు, మూడా ముప్పయ్యా అని మళ్ళీ అడిగాడట. వేళ్ళతో చూపించలేక ఫోన్‌లో అంకె కొట్టి చూపించాడట. ఏడు టీఎంసీల ఏడర్ సరస్సుకు తొమ్మిది వందల మంది లేచారు. పోలవరం నిండితే 194.6 టీఎంసీలు. కదలాల్సిన కుటుంబాలు ప్రభుత్వ లెక్కలోనే లక్షకు పైగా. అందులో సగానికి పైగా మనవాళ్ళే.

పిల్లలు అడిగిన ఇంకో ప్రశ్న: ఆనకట్ట కింద ఉన్న ఊళ్ళు బాగుపడ్డాయా? ఇరవై తొమ్మిదేళ్ళు బాగానే ఉన్నాయి. వరదలు తగ్గాయి. హెమ్‌ఫుర్ట్‌లో కరెంటు తయారైంది.

1943 మే 16 రాత్రి బ్రిటిష్ విమానాలు బయల్దేరాయి. నీళ్ళ మీద కప్పగంతులు వేస్తూ వెళ్ళి గోడకు తగిలే ప్రత్యేకమైన బాంబులు తెచ్చాయి. చిన్నప్పుడు మనం పలచటి పెంకును నీళ్ళ మీద విసిరి గంతులు లెక్కపెడతామే, అదే కిటుకు. తెల్లవారితే 17 అనగా, అర్ధరాత్రి దాటాక ఏడర్ గోడ పగిలింది. సుమారు 70 మీటర్ల వెడల్పు, 22 మీటర్ల లోతు గండి. పదహారు కోట్ల ఘనపు మీటర్ల నీళ్ళు లోయలోకి దూకాయి. హెమ్‌ఫుర్ట్, అఫోల్డెర్న్, మేలెన్, గిఫ్లిట్జ్, బెర్గ్‌హైమ్, అన్నీ నిద్రలో ఉన్నాయి. అఫోల్డెర్న్‌కు ఎక్కువ దెబ్బ తగిలింది. మనుషులు, పశువులు, ఇళ్ళు, వంతెనలు కొట్టుకుపోయాయి. నీళ్ళు కాసెల్ దాకా వెళ్ళాయి.

అదే రాత్రి మోనె అనే ఇంకో ఆనకట్టను కూడా పగలగొట్టారు. అక్కడ చనిపోయినవాళ్ళలో చాలామంది జర్మన్లు కూడా కాదు. యుక్రెయిన్ ప్రాంతం నుంచి బలవంతంగా పనికి పట్టుకొచ్చిన ఆడవాళ్ళు. వాళ్ళ శిబిరం నీళ్ళ దారిలో ఉంది. హిట్లర్ జర్మనీ ఎన్నో దేశాలను నాశనం చేసిన యుద్ధం అది, దాన్ని ఓడించాల్సిందే. అయినా ఎవరి యుద్ధానికి ఎవరు మునిగారో చూస్తే, చదువుతున్న మాకు గొంతు ఆడలేదు. ఏడర్ గోడను కొద్ది నెలల్లోనే తిరిగి కట్టేశారు. ప్రభుత్వాలకు గోడ కట్టడం ఎప్పుడూ తొందరే.

ఇదంతా విన్నాక ఊరి పెద్దాయన అన్న మాట రాసుకున్నాం: "పైనోళ్ళు నీళ్ళు వచ్చి పోయిన్రు, కిందోళ్ళు నీళ్ళు ఇడిసి పోయిన్రు."

ఒక నవ్వు సంగతి కూడా ఉంది. 1934లో ఆ సరస్సు దగ్గరి అడవిలో అమెరికా జంతువు రకూన్‌ను రెండు జతలు వదిలారు. కళ్ళ చుట్టూ నల్ల పట్టీతో దొంగలాగా ఉంటుంది. అది పిల్లల్ని పెట్టి పెట్టి ఇవాళ జర్మనీ అంతా లక్షల్లో నిండిపోయింది. కాసెల్‌లో మా వాడి గది వెనక చెత్తబుట్ట మూత రోజూ అదే తీస్తుందట. మనుషులకు అక్కడ ఉండే హక్కు కోసం ఎన్ని కాగితాలో, దీనికి ఒక్క కాగితం లేదన్నా, అని వాడి బాధ.

సరస్సు దక్షిణ గట్టు అడవి 2004లో కెల్లర్‌వాల్డ్-ఏడర్‌జే జాతీయ పార్కు అయింది. 2011లో ఆ బీచ్ అడవికి ప్రపంచ వారసత్వ గుర్తింపు కూడా వచ్చింది. పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయినప్పుడు కొండరెడ్లకు ఏమైందో ఇక్కడ రాయడం మొదలుపెడితే ఇది వేరే వ్యాసమవుతుంది.

ఆ లోయవాళ్ళను మరీ మెచ్చుకుంటున్నామని మాలో ఒకరు అన్నారు. ఆ మాటలో నిజముంది. చరిత్ర రాసుకునేవాళ్ళు కూడా కొన్ని రాయరు. పక్కనే ఫోల్ అనే ఊళ్ళో పాత యూదుల ప్రార్థన మందిరం ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో యూదులు తరతరాలుగా ఉండేవాళ్ళు. వ్యాపారం చేసుకునేవాళ్ళు, పక్కింటివాళ్ళతో కలిసి బతికేవాళ్ళు. హిట్లర్ కాలంలో వాళ్ళను తరిమారు, పట్టుకుపోయారు, చంపారు. ఆ మందిరాన్ని ఇప్పుడు స్మారకంగా చూసుకుంటున్నారు. కానీ మా వాడు సరస్సుకు నాలుగుసార్లు వెళ్ళాడు, మునిగిన ఊళ్ళ గురించి చెప్పినవాళ్ళు చాలామంది, ఈ సంగతి చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. వాడే చదివి తెలుసుకున్నాడు. నీళ్ళ కింద పోయినవాటి మీద బెంగ పెట్టుకోవడం తేలిక. పక్కింటివాడు ఎలా పోయాడో రాసుకోవడం కష్టం.

అప్పుడు మా నోటుబుక్కు తీసి చూసుకున్నాం. అందులో మా కోయ ఇళ్ళన్నీ ఉన్నాయి, ఏ ఇల్లు ఏ గట్టుదో ఉంది, వేల్పుల పడిగె ఎవరింట్లో ఉంటుందో ఉంది. ఊరి చివర ఛత్తీస్‌గఢ్ నుంచి భయంతో వచ్చి పాకలేసుకున్న గుత్తికోయల ఇళ్ళు పదకొండు ఉన్నాయి. అవి లేవు. వాళ్ళు మా జాబితాలోనూ లేరు, పరిహారం జాబితాలోనూ లేరు. ఆ ఆదివారం ఇద్దరం వెళ్ళి వాళ్ళ పేర్లు రాసుకొచ్చాం. ఎందుకు రాస్తున్నారని వాళ్ళు భయపడ్డారు. ఆ భయం పోగొట్టడానికే ఒక పూట పట్టింది.

టీచర్లుగా పనిచేసే మిత్రులకు మేము చేసిన పద్ధతి చెబుతాం, పనికొస్తే వాడుకోండి. రాజుల నుంచి కాకుండా పేర్ల నుంచి మొదలుపెట్టాం. పిల్లల్ని పెద్దల వెంట పొలాలకు, రేవుకు, కొండ మీదికి పంపి, పేరున్న ప్రతి చోటూ రాసుకురమ్మన్నాం. ఊరి పేరు ఒక్కటే అనుకున్నాం. రెండు వారాల్లో అరవై మూడు పేర్లు వచ్చాయి. ఎలుగు పడుకునే బండ. పెళ్ళికూతురు మునిగిన మడుగు. విత్తనాల పండగకు మొదటి నాగలి పెట్టే చెక్క. తెల్లదొర గుర్రం చచ్చిపోయిన వాగు. కొన్నిటికి కోయలో ఒక పేరు, తెలుగులో ఇంకో పేరు. రెండూ రాయించాం. పునరావాస కాలనీ మ్యాపు తెచ్చి గోడకు అంటించాం. అందులో బ్లాకులు, ప్లాట్ల నంబర్లు ఉన్నాయి. పేరు ఒక్కటీ లేదు. కాలనీలో వీధులకు ఈ పేర్లు పెట్టుకోవచ్చా అని ఒక ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది. గ్రామసభలో పెడదామని అర్జీ రాసి ఉంచాం.

పేర్లు సరిచూసేది మా అవ్వ. ఆవిడకు తెలుగు తక్కువ. ఆదివారం వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, పిల్లలు చదువుతుంటే కోయలో తప్పులు దిద్దుతుంది. ఒక్కోసారి ఒక పేరు దగ్గర ఆగి, ఆ చోట ఎవరి చింతచెట్టు ఉండేదో, ఎవరు ఎవరిని లేవదీసుకుపోయారో మొదలుపెడుతుంది. అప్పుడు పని సాగదు. ఆ కథలు కూడా రాసుకుంటున్నాం గానీ కొన్ని అచ్చు వేయడానికి పనికిరావు.

చలికాలంలో మా వాడు మళ్ళీ ఫోన్ చేశాడు. అక్కడ వానలు, మంచు మొదలయ్యాయట. సరస్సు మళ్ళీ నిండుతోందట. వంతెన సగానికి మునిగిందట, వచ్చే నెలకు కనబడదట. ఫోన్ స్పీకర్లో పెట్టి అవ్వకు కోయలో చెప్పాం. అవ్వ దాని పేరేంటంది. ఆజెల్ వంతెన అన్నాం. రెండుసార్లు పలికి చూసింది, నోరు తిరగలేదు. రాసే పిల్ల వైపు చూసి, దాన్ని కూడా ఎక్కించమంది. పిల్ల మా మొహాలు చూసింది. మేము సరేనన్నాం.

పెళ్ళికూతురు మడుగు, ఎలుగు బండ ఉన్న ఆ నోటుబుక్కులో అరవై నాలుగో నంబరు అదే.